పుంటికూర ముందేసిన చలికాలం

చలి మొదలైందంటే మా అత్తగారింట్లో బెబ్బర్ల పులుసు కాగాల్సిందే. రాత్రంతా నానిన బెబ్బర్లు, రెండు దోసిళ్ల పుంటికూర, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, ఎండుమిరపకాయలు. బెబ్బర్లంటే అలసందలు, పుంటికూరంటే గోంగూర. వేడి వేడి జొన్నరొట్టె విరిచి అందులో ముంచుకుని తింటే ఎంత చలైనా వదులుతుంది. రుచి మాట నన్నడక్కండి. ఆ వాసన తగిలితే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

తొంభైల మొదట్లో రుద్రూర్ నుంచి బాన్సువాడకు కోడలిగా వచ్చాను. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. కొత్త కోడలు మొదటి చలికాలంలో ఈ పులుసు తన చేత్తో వండి ఇంటిల్లిపాదికీ వడ్డించాలి. కుదిరిందా, పొయ్యి ఆమెది. కుదరలేదా, ఇక ఆకులు తుంచడం, గిన్నెలు తోమడమే ఆమె పని.

మా పుట్టింట్లో ఈ పులుసుకి తోటకూర వేసేవాళ్లు. గింజా ఆకూ ఒకేసారి కుండలో పడేస్తే చక్కగా ఉడికిపోయేవి. పుంటికూర పులుపు ఏం చేస్తుందో నాకేం తెలుసు? అలాగే పడేశాను. అత్తమ్మ రెండడుగుల దూరంలో పీట మీద కూర్చుని రొట్టెలకు పిండి పిసుకుతోంది. కుండలోకి చూసింది, నా ముఖంలోకి చూసింది, మళ్లీ పిండి పిసుక్కుంది. ఒక్క మాట అంటే ఒట్టు.

పులుపు తగిలిన గింజ ఇక మెత్తబడదు. కట్టెలు ఎన్ని ఎగదోసినా, పొద్దున పెట్టిన కుండ మధ్యాహ్నం దాకా కుతకుతలాడిందే తప్ప గింజ ఉడకలేదు. మామ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని దవడ పట్టుకున్నాడు.

"ఏంది బిడ్డా, కంకర వండినవా?"

అందరూ పడీ పడీ నవ్వారు. అందరికంటే గట్టిగా అత్తమ్మ నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి చుట్టాల్లో నా పేరు కంకర కోడలు. మాటలు వచ్చాక నా కన్నకూతురు కూడా అదే పేరుతో పిలిచి నవ్వేది.

పన్నెండేళ్లు ఆకులు తుంచాను. ఆ తర్వాత అత్తమ్మకు పక్షవాతం వచ్చి కాలూ చెయ్యీ పడిపోయాయి. ఆమె మంచం వంటింటి గుమ్మం దగ్గరికి చేరింది, పొయ్యి నా చేతికొచ్చింది. ఎవరూ ఇవ్వలేదు, వచ్చింది, అంతే.

ఆ చలికాలం అత్తమ్మ నోరు తెరిచి ఆ పులుసే అడిగింది. గింజ వేళ్ల మధ్య మెత్తగా నలిగాకే ఆకు వేశాను. రెండు గిన్నెలు తాగి, "మంచిగైంది" అంది. ఇక ఆగలేకపోయాను.

"ఆనాడు చూసి కూడా ఎందుకు చెప్పలే అత్తమ్మా? ఒక్క మాటే కదా!"

"నాకెవలు చెప్పిన్రు పిల్లా? మా అత్త గూడ గట్లనే చూసుకుంట కూసున్నది."

ఎంత తేలిగ్గా అనేసిందో! తప్పయిందన్న మాట లేదు. ఛీ, ఇంత కడుపు మంట ఎలా దాచుకుంటారమ్మా మనుషులు అనుకున్నాను.

మరుసటి ఏడు మరిది పెళ్లయింది. బిచ్కుంద పిల్ల, నాకు యారాలు. మంచి పిల్ల, నోట్లో నాలుక లేదు. చలి రాగానే ఆమె వంతు వచ్చింది. పొయ్యి మీద బెబ్బర్లు అప్పుడప్పుడే పొంగుతున్నాయి. ఆమె చాట నిండా పుంటికూర పట్టుకుని నా వైపు తిరిగింది.

"అక్కా, ఆకు ఇప్పుడెయ్యాల్నా?"

ఆమె అడిగింది. నేనానాడు అడగనైనా లేదు. పీట మీద కూర్చున్నాను, చేతుల నిండా జొన్నపిండి. మంచం మీద నుంచి అత్తమ్మ తల తిప్పి నన్నే చూస్తోంది.

"నీ ఇష్టం చెల్లె" అన్నాను.

మధ్యాహ్నం అందరూ తినడానికి కూర్చున్నారు. మామ మళ్లీ దవడ పట్టుకున్నాడు, కంకర మాట మళ్లీ లేచింది. యారాలు కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి పోయింది. అత్తమ్మ నవ్వలేదు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.