వెల్డా ఆడిన ఒక్క అబద్ధం

మా హార్లాన్ ఫోర్క్‌లో ఎవరైనా నాలుగు రోజులు ఊరు విడిచి వెళ్ళాలంటే ఇంటి తాళాలు వెల్డా క్రెన్షా చేతిలో పెట్టి వెళ్ళేవారు. ఇరవై రెండేళ్ళు ఆమె దాణా కొట్టులో కౌంటరు దగ్గర నిలబడింది. నేను అదే కొట్టులో బస్తాలు దించి సర్దేదాన్ని. గుర్రాల దాణా తూచేటప్పుడు గోనెసంచి బరువు కూడా తీసేసి తూచే మనిషి ఆవిడ. "వెల్డా చెప్పిందంటే తక్కెడ చెప్పినట్టే" అనేవారు రైతులు. అలాంటి మనిషి ఒక అబద్ధం ఆడింది. ఆడినప్పుడు నేను ఆమెకు నాలుగడుగుల దూరంలో ఉన్నాను.

ఆమె భర్త మెర్ల్ దుంగల లారీ నడిపేవాడు. నోరున్న మనిషి. వంతెన అవతల ఉన్నవాడిని ఇవతల నుంచే తిట్టగలిగేవాడు. అరవై రెండో ఏట పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. ఎనిమిది నెలలు ఒక్క మాట కూడా లేదు. ఆ ఆగస్టులో ఆయన్ని ఆస్పత్రిలో చూపించుకుని కొండదారిన తిరిగి వస్తుంటే, కనుమ మలుపులో రోడ్డు పక్కన ఒక నల్లకుక్క పడుకుని ఉంది. ముందుకాలు చీలి నెత్తురు కారుతోంది. మెడపట్టీ లేదు. మెర్ల్ బాగున్న చేత్తో కిటికీ అద్దం మీద కొట్టాడు. వెల్డా బండి ఆపింది.

మెడ కింద చిన్న తెల్లమచ్చ ఉండడంతో అచ్చం చర్చి పెద్దలా ఉన్నాడని దానికి డీకన్ అని పేరు పెట్టింది వెల్డా. కాలికి కట్టు కట్టింది. ఆ కుక్క మెర్ల్ కుర్చీ కింద మకాం పెట్టింది. పదో రోజు మధ్యాహ్నం వెల్డా వంటింట్లో ఉండగా వరండాలోంచి "రా" అన్న మాట వినిపించింది. పరుగెత్తుకు వెళ్ళి చూస్తే మెర్ల్ తొడ మీద చెయ్యి తట్టుకుంటూ కుక్కని పిలుస్తున్నాడు. "రా. రా." ఆ సంగతి చెప్పడానికి వెల్డా కొట్టుకు ఏప్రాన్‌తోనే వచ్చేసింది.

సరిగ్గా నాలుగు రోజుల తర్వాత దాణా కొట్టు తలుపు తీసుకుని ఒకావిడ లోపలికి వచ్చింది. బూట్ల నుంచి టోపీ దాకా దుమ్ము. చేతిలో కాగితాల కట్ట. పై కొండల్లో గొర్రెలు మేపుకునే, స్పెయిన్ వైపు నుంచి వచ్చిన బాస్క్ కుటుంబం వాళ్ళది. పేరు బెనీతా అరిట్సా అని చెప్పింది.

"మా కుక్క తప్పిపోయిందమ్మా. నల్లగా ఉంటాడు, మెడ కింద తెల్లగా ఇంత మచ్చ. బెల్చా అని పిలిస్తే వస్తాడు. ఎక్కడైనా చూశారా?"

వెల్డా ఆవిడ కళ్ళలోకి చూసింది. "లేదండీ" అంది.

"ఈ కాగితం ఇక్కడ అంటించుకోవచ్చా?"

"దానికేం, అంటించండి."

ఆవిడ అంటించి, రెండు చేతులతో వెల్డా చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది. కొట్టు మూసేలోపు వెల్డా ఆ కాగితం ఊడదీసి మడిచి జేబులో పెట్టుకుంది. నేను చూశాను. ఆ సాయంత్రం కుక్కబిస్కట్లు కొన్నప్పుడు కూడా ఏమీ అనకుండా సంచిలో వేసి ఇచ్చాను.

మెర్ల్ ఆ తర్వాత ఐదేళ్ళ పైన బతికాడు. కుక్కతో మొదలైన మాట మెల్లగా మనుషుల దాకా వచ్చింది. తిట్లు కూడా వచ్చాయి, వెల్డా వాటికీ మురిసిపోయింది. ఒక ఫిబ్రవరి రాత్రి నిద్రలో పోయాడు. ఆ జులై మొదటి వారంలో వెల్డా మా ఇంటి మెట్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఫే, నాలుగు రోజులు సెలవు పెట్టగలవా? పై కొండల దాకా వెళ్ళాలి. కుక్కలు కూడా వస్తాయి."

"ఏంటీ, చేపలకా?"

"కాదు. డీకన్‌ని ఆ గొర్రెలవాళ్ళకి ఇచ్చేద్దామని."

నేను లోపలికి వెళ్ళి డేరా బయటికి తీశాను.

కాగితం మీది నెంబరుకు ఆమె అప్పటికే మూడుసార్లు ఫోన్ చేసిందట. ఆ నెంబరు ఇప్పుడు ఎవరికీ లేదు. కానీ ఎండాకాలంలో అరిట్సావాళ్ళ మంద ఎక్కడ ఉంటుందో ఐడహోలో ఈ వైపు గొర్రెలవాళ్ళల్లో ఎవరిని అడిగినా చెబుతారు. మెర్ల్ పాత పికప్పులో బయలుదేరాం. వెనక డేరా, నీళ్ళ డబ్బాలు, ఒక స్పేర్ టైరు. ముందు సీట్లో మేమిద్దరం, మా మధ్య డీకన్. నా ఒళ్ళో సగం, సీటు కింద సగం పర్ల్. అది వెల్డా ముసలి లాబ్రడార్. దాని ఒంటికి కొవ్వూ, కడుపుకి గ్యాసూ ఎక్కువ.

సామన్ నది పక్కన పోతుంటే కిటికీ దించి మూడోసారి తల బయట పెట్టాను. "నీ కుక్క వదిలే గాలికి అడవి తగలబడుతుందే!"

"దానికి పొద్దున గుడ్డు పెట్టా. ప్రయాణం కదా అని."

"ప్రయాణం దానికా, నాకా?"

వెల్డా నవ్వబోయి ఆగిపోయింది. ఆ రెండు రోజులూ అంతే. నవ్వు గొంతు దాకా వచ్చేది, డీకన్ వైపు చూసేది, మింగేసేది. వాడు మాత్రం తల కిటికీలోంచి బయటపెట్టి, చెవులు వెనక్కి ఎగురుతుంటే హాయిగా ఉన్నాడు. ఆగినచోటల్లా నదిలో దూకి, తడి ఒళ్ళు మా మీదే దులిపాడు. ఎలుగు గీరిన చెట్టు దగ్గర కుక్కలు రెండూ పావుగంట వాసన చూశాయి. పర్ల్ భయపడి బండెక్కి కూర్చుంది.

మొదటి సాయంత్రం వాగు పక్కన డేరా వేశాం. చేప వేయించాను. వెల్డా తన వాటాలో ముళ్ళు తీసి మొత్తం డీకన్‌కే పెట్టేసింది. నాకు అక్కడ ఇక దాచుకోవడం చేతకాలేదు.

"వెల్డా, ఆ రోజు నువ్వు కాగితం ఊడదీయడం చూశాను నేను."

"తెలుసు."

"తెలుసా?"

"తలుపు అద్దంలో కనిపించావు. నువ్వు అడుగుతావని వారం రోజులు ఎదురుచూశా. అడిగితే ఇచ్చేద్దును. నువ్వు అడగలేదు." చేపముళ్ళు నిప్పులో పడేసి, "నీ మీదకి తోస్తున్నానని కాదు" అంది.

తొయ్యలేదు. కానీ ఆ మాట నా మీదే పడింది. మెర్ల్‌ని చూసి జాలిపడే ఊరుకున్నాననుకున్నాను ఇన్నాళ్ళూ. నిజానికి నాకు గొడవ అక్కర్లేకపోయింది. ఊళ్ళో మంచిదని పేరున్న మనిషితో పేచీ ఎందుకులే అనుకున్నాను.

రెండో రోజు కనుమ ఎక్కేముందు రోడ్డుకి అడ్డంగా బండి పెట్టుకుని ఒకతను నిలబడి ఉన్నాడు. అవతల లోయలో కార్చిచ్చు. పొగ మా దాకా వచ్చింది. సూర్యుడు పండిన నారింజలా ఉన్నాడు. దారి ఎప్పుడు తెరుస్తారో తెలియదన్నాడు. వెల్డా బండి వెనక్కి తిప్పి, చెట్ల నీడన ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకుంది.

"ఏమైందే?"

"దారి లేదనగానే నాకు సంతోషం వేసింది ఫే. ఇంటికి పోవచ్చు, సాకు దొరికిందని. ఇంత దూరం వచ్చి కూడా... ఛీ, ఏం మనిషిని నేను!"

"పాత గనుల దారి ఉంది కదా. ఐదు గంటలు చుట్టు."

ఆమె తలెత్తి కళ్ళు తుడుచుకుని గేరు వేసింది. ఆ దారి దారి కాదు, ఎండిన వాగు. నడుములు విరిగాయి. పర్ల్ రెండుసార్లు కక్కుకుంది, రెండుసార్లూ నా బూట్ల మీదే.

మూడో రోజు పదింటికి పైన్ చెట్లు దాటి గడ్డిమైదానం అంచుకు చేరాం. గొర్రెలు ఇంకా కనబడలేదు. గంటల చప్పుడు కూడా లేదు. కానీ డీకన్ ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు. ముక్కు పైకెత్తాడు. ఒళ్ళంతా వణుకు. ఆరేళ్ళలో వాడు అలాంటి మూలుగు మూలగడం వినలేదన్నది వెల్డా. ఇంకో రెండు మైళ్ళు పోయాక మలుపు తిరిగితే వాలు నిండా తెల్లగా మంద, పక్కన చక్రాల మీది కాపరుల ఇల్లు.

వెల్డా తలుపు తీసీ తియ్యకముందే వాడు ఆమె మీదుగా దూకేశాడు. ఇంటి వైపు పోలేదు. మంద వెనక్కి పెద్ద చుట్టు తిరిగి, పొట్ట నేలకి ఆనేలా వంగి, వాగు వైపు చీలిపోయిన ముప్పై గొర్రెల్ని ఎవరూ చెప్పకుండానే తెచ్చి మందలో కలిపాడు. వెల్డా వరండాలో కోళ్ళని చూసి కూడా లేవని కుక్క.

కాపరుల ఇంటి తలుపు తెరుచుకుంది. బెనీతా అరిట్సా దిగింది. ఒక్కో మెట్టుకీ రెండు కాళ్ళూ ఆనిస్తూ, కర్ర పట్టుకుని దిగింది. కిందికి వచ్చి మంద వైపు చూసింది. కర్ర చేతిలోంచి జారిపోయింది.

"బెల్చా?"

వాడు అప్పుడు వచ్చాడు. ఎగరలేదు, మొరగలేదు. వచ్చి ఆవిడ బూట్ల మీద గడ్డం ఆనించి పడుకున్నాడు. ఆవిడ వంగలేకపోయింది. నేను వెళ్ళి పట్టుకుంటే నేల మీద కూర్చుని వాడి మెడలో మొహం పెట్టుకుంది. చాలాసేపటికి తలెత్తి వెల్డాని చూసింది.

"మీరు దాణా కొట్టావిడ కదూ?"

"అవునండీ."

"మీరు చూళ్ళేదన్నారు."

"అన్నానండీ. అప్పుడు వాడు మా ఇంట్లోనే ఉన్నాడు. అబద్ధం చెప్పాను."

నేను ఆగలేక, "వాళ్ళాయనకి అప్పుడు పక్షవాతం అండీ, మాట లేదు, ఈ కుక్క వచ్చాకే..." అన్నాను.

"ఊరుకో ఫే."

"కాదు, చెప్పనీ" అంది బెనీతా. నేను చెప్పాను. ఆవిడ వింటూ కుక్క కాలి మీది పాత మచ్చని బొటనవేలితో రాస్తూ కూర్చుంది.

"పంతొమ్మిది రోజులు వెతికానమ్మా వీడి కోసం. ఇరవయ్యో రోజు నా గుర్రం రాళ్ళల్లో జారి నా మీద పడింది. తుంటి విరిగింది. ఆ ఏడు శీతాకాలం అంతా మంచంలోనే. మా తమ్ముడు ఫెర్మిన్ ఒక్కడివల్లా కాక సగం మంద అమ్మేశాడు." ఆవిడ గొంతులో కోపం లేదు, జరిగింది చెబుతోంది, అంతే. "మీ ఆయన సంగతి ఆ రోజు మీరు నాతో అని ఉంటే, నేనే వదిలేసి వెళ్ళేదాన్ని. మా నాన్న కూడా అలాగే పడిపోయాడు. నాకు తెలీదా? ఒక్క మాట అని ఉండాల్సింది."

వెల్డా నిలబడినచోటే కూర్చుండిపోయింది. ఇంటి దగ్గర నుంచి ఆమె తిట్లకి సిద్ధపడి వచ్చింది, పోలీసుల్ని పిలిచినా సరే అనుకుంది. దీనికి మాత్రం సిద్ధపడి రాలేదు.

బెనీతా లేచి లోపలికి వెళ్ళి మాంసమూ చిక్కుళ్ళూ ఉడికించిన కూర, రొట్టె తెచ్చి మా ముందు పెట్టింది. వెల్డా ముట్టుకోలేదు.

"తినండి. నాకు కోపం ఉంది, లేదనను. మీరు కడుపు మాడ్చుకుంటే అది పోతుందా?"

వెల్డా తిన్నది. ఏడుస్తూ తిన్నది. తిన్నాక, "నేను చెయ్యగలిగింది ఏమైనా ఉంటే చెప్పండి" అంది.

ఊరికే అడగాలని అడిగిన మాట అని బెనీతా అనుకోలేదు. కాస్త ఆలోచించి, "బండి తోలడం బాగా వచ్చా?" అంది. "ఆ గనుల దారిన వచ్చాం" అన్నాను నేను. "అయితే వచ్చినట్టే. కింద నుంచి వారానికి రెండుసార్లు ఉప్పు, సామాను, మందులు పైకి తేవాలి. నేను ఈ తుంటితో ఆ గతుకుల్లో కూర్చోలేను. ఫెర్మిన్ మందని వదిలి రాలేడు. పనికి పెట్టుకున్నవాడు మొన్న మానేశాడు."

తిరుగుదారిలో మా మధ్య సీటు ఖాళీ. పర్ల్ అక్కడికి జరిగి, వాసన చూసి, మళ్ళీ నా ఒళ్ళోకే వచ్చేసింది.

దాణా కొట్టు పని మానేసింది. ఎందుకని అడిగిన వాళ్ళందరికీ జరిగింది జరిగినట్టు చెప్పింది, తాళాలిచ్చే వాళ్ళతో సహా. కొందరు తాళాలివ్వడం మానేశారు. ఆ ఎండాకాలమూ, ఆ తర్వాతి రెండు ఎండాకాలాలూ అరిట్సావాళ్ళ సామాను బండి ఆవిడే తోలింది. కుక్క ఆవిడ బండి చప్పుడు గుర్తుపట్టి వాలు దిగి ఎదురొచ్చేవాడట. చెవులు నిమిరించుకుని, మళ్ళీ బెనీతా దగ్గరికి పోయేవాడట. వెల్డా వాడిని బెల్చా అనే పిలిచేది. బెనీతా ఎప్పుడూ క్షమించాననలేదు. వెల్డా అడగనూ లేదు.

పోయిన సెప్టెంబరులో మందని కిందికి దింపేటప్పుడు మనుషులు చాలక, వెనక నడవమని వెల్డానే పిలిచారు. పదకొండు మైళ్ళు ధూళిలో నడిచింది. మర్నాడు నేను వెళ్ళేసరికి బకెట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉంది. పాదాల నిండా బొబ్బలు.

"ఇప్పటికైనా మనసు తేలికపడిందా?" అన్నాను.

"లేదే" అంది. "ఒక కుంటిగొర్రె వెనకబడిపోయింది, నేనూ బెల్చా దాన్ని తోలుకొచ్చేసరికి చీకటి పడేలా ఉంది. బెనీతా వంతెన దగ్గర లాంతరు పట్టుకుని నిలబడి ఉంది. ఆ కాలితో, అంతసేపు. నన్ను చూసి, 'వచ్చావా వెల్డా' అంది. పేరుతో పిలవడం అదే మొదలు." బకెట్లో కాళ్ళు కదిపింది. "కాసిని వేడినీళ్ళు పొయ్యవే, చల్లారిపోయాయి."