ఎడమ వైపు వేణువు

హెడ్‌ఫోన్ పాడైందని నేను చాలాసేపు వాదించాను. ఎడమ వైపు తీగ తెగిందన్నాను. విమానంలో సామాన్లు విసిరేసినప్పుడు దెబ్బ తగిలి ఉంటుందన్నాను. కువైట్‌లో అమ్మినవాడెవడో మోసం చేశాడని కూడా అన్నాను. మాట్లాడేకొద్దీ నా గొంతు పెరుగుతోంది. ఎదురుగా కూర్చున్న నా దోస్తు, వాళ్ల పెద్దన్న ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు.

ఎనభైల మధ్యలో కామారెడ్డి స్టేషన్ రోడ్డులో నేనూ నా దోస్తూ కలిసి క్యాసెట్ల దుకాణం నడిపేవాళ్లం. జనం తమకు కావలసిన పాటలు చెబితే ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి ఇవ్వడం మా పని. ఎక్కేటప్పుడు ఎలా వస్తోందో వినడానికి చెక్క డబ్బాలో బిగించిన ఒక్క స్పీకరే ఉండేది. ముందు బస్సుల హారన్లు, పక్కన పిండి గిర్ని. ఆ రొదలో ఏది బాగా ఎక్కిందో ఏది చెడిందో తెలిసేది కాదు. ఇంటికి పోయాక చూసుకుని, గరగర వస్తోందని తిరిగొచ్చి తిట్టేవాళ్లు.

దోస్తు వాళ్ల పెద్దన్నను నేనూ భాయ్ అనే పిలిచేవాణ్ణి. కువైట్‌లో పాటల సామాన్లు అమ్మే దుకాణంలో పనిచేసేవాడు. మా అవస్థ తమ్ముడి నోట విని, ఆ ఏడు సెలవు మీద వస్తూ రెండు హెడ్‌ఫోన్లు తెచ్చాడు. ఒకటి మాకు. రెండోది హైదరాబాద్‌లో తెలిసినాయనకు. ఏది ఉంచుకోవాలో మమ్మల్నే విని తేల్చుకోమన్నాడు. గిర్ని మూసేసే ఆదివారం పూట ముగ్గురం షట్టరు సగం దించుకుని కూర్చున్నాం.

మొదటిది చెవుల్ని పూర్తిగా కప్పేసేది. మెత్తటి దిండ్లు, వెనక గట్టి ప్లాస్టిక్ మూతలు. పెట్టుకుంటే వీధి చప్పుడు ఆగిపోయింది. కానీ పాట కుండలో తల పెట్టి విన్నట్టుంది. తబలా బుంగ్ బుంగ్ మంటూ మిగతా అన్నిటినీ ముంచేసింది.

రెండోది బరువుగా ఉంది. వెనక మూతలు లేవు, జాలీ మాత్రమే ఉంది. వెలుతురుకు పట్టుకుంటే లోపలి నుంచి అవతల వైపు మసకగా కనిపించింది. భాయ్ దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని చెప్పాడు.

"మామూలు దాంట్ల కాయితం గరాటు అసువంటిది ఉంటది. ఇండ్ల అది లేదు. సన్నటి పొర, దాని మీద తీగ అచ్చేసినట్టుంటది. రెండు దిక్కుల అయస్కాంతాలు. పొర మొత్తం ఒక్కసారే కదులుతది. ఎనుక మూసిలేదు గాబట్టి గాలి ఆడుతది."

దానికి టేప్ డెక్‌లోంచి వచ్చే బలం చాలదని, ఆంప్లిఫయర్‌కు తగిలించాడు. ఇందాక మొదటిదాంట్లో విన్న వేణువు, తబలా కచేరీ క్యాసెట్‌నే మళ్లీ పెట్టాడు. ముందు దోస్తు విన్నాడు. కాసేపటికి వాడి కళ్లు మూసుకుపోయాయి. తీసేసి, వేణువాయన ఊపిరి తీసుకోవడం కూడా వినబడుతోందని, ఆయన ఎడమ పక్కన, తబలా ఆయన కుడి పక్కన కూర్చున్నట్టే ఉందని చెప్పాడు. నేను పెట్టుకున్నాను.

తబలా మీద వేలు జారడం విన్నాను. అరచేతి మడమతో తోలును నొక్కితే మోత వంగడం విన్నాను. చుట్టూ గది ఉన్నట్టుంది, గోడలు దూరం జరిగినట్టుంది. అంత బాగా నేను జన్మలో ఏదీ వినలేదు. కానీ వేణువు లేదు. ఎక్కడో గోడ అవతల ఎవరో గొణుగుతున్నట్టు ఒక జాడ మాత్రం ఉంది. మూతలున్నదాంట్లోనూ నాకు వేణువు దొరకలేదు గానీ, అది మొద్దు శబ్దం కాబట్టి మునిగిపోయి ఉంటుందనుకున్నాను. ఇంత తేటగా మోగేదాంట్లో ఎలా మునుగుతుంది? అందుకే పాడైందన్నాను. దోస్తు మళ్లీ పెట్టుకుని బాగానే ఉందన్నాడు. నేను ఒప్పుకోలేదు. వస్తువు మీదే నమ్మకం లేనట్టు మాట్లాడుతున్నావని వాడికి కోపం వచ్చింది. నాకు అంతకు రెండింతలు వచ్చింది.

భాయ్ లేచి, నా తల మీదున్న హెడ్‌ఫోన్ తీసి, అటుదిటు తిప్పి పెట్టాడు. కుడిది ఎడమకు, ఎడమది కుడికి.

వేణువు వచ్చింది. తబలా పోయింది.

"సామాను మంచిగనే ఉన్నది తమ్మి," అన్నాడు భాయ్ మెల్లగా. "నీ చెవి చూపించుకో."

నిజామాబాద్‌లో చెవుల డాక్టర్ దీపం పెట్టి చూసి, కర్ణభేరికి పాత చిల్లు ఉందనీ, లోపల నరం కూడా దెబ్బతిందనీ, చాలా ఏళ్ల కిందటిదనీ, ఇక చేయగలిగింది లేదనీ చెప్పాడు. చిన్నప్పుడు ఎవరైనా చెంప మీద గట్టిగా కొట్టారా అని అడిగాడు. ఆ మాటతో మా ఊరు ఎల్లారెడ్డిలోని బడి, ఆ గది, లెక్కల సారు అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి.

లెక్క చేస్తూ కూనిరాగం తీయడం నాకు అలవాటు. ఆ రోజు కూడా తీశాను. లెక్క సరిగ్గానే వచ్చింది. సారు నా ముందుకొచ్చి నిలబడి కుడిచేత్తో కొట్టాడు. కీ మని మోత, అది చాలా రోజులుంది. దిండు మీద తడి అయ్యేది. అమ్మను మేం అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలిచేవాళ్లం. అవ్వ నూనె వెచ్చజేసి పోసింది. బాపు బస్టాండ్ దగ్గర సైకిళ్లు కిరాయికి ఇచ్చేవాడు. మర్నాడు బడికొచ్చాడు. నా తరఫున అడగడానికి వచ్చాడనుకున్నాను. పిల్లలందరి ముందూ, ఇంకో రెండు తగిలియ్యండి సారూ అని చేతులు జోడించి వెళ్లాడు.

డాక్టర్ దగ్గర్నుంచి నేను కామారెడ్డికి పోలేదు. తిన్నగా ఎల్లారెడ్డి బస్సెక్కాను.

బాపు అన్నం తింటున్నాడు. చెప్పాను. ముద్ద ఆపకుండా విన్నాడు.

"సారు కొట్టకుంటె నువ్వు బాగుపడేటోనివా?" అన్నాడు. "ఒక్క చెవేనాయె. ఇంకోటి ఉన్నది గద."

పళ్లెం విసిరికొట్టాలనిపించింది. అవ్వ గడపలో నిలబడి ఉంది. ఆమె అన్న మాట బాపు మాట కన్నా లోతుగా దిగింది.

"ఎడమ దిక్కుకెల్లి పిలిస్తే పలుకకపోదువు బిడ్డా. పొగరనుకున్నం. మీ బాపు దానికి గూడ కొట్టిండు."

అది నాకు గుర్తుంది. ఎందుకు కొడుతున్నాడో తెలియక తిన్న దెబ్బలవి. పిలిచినా పలకడని బంధువులు, పొగరుబోతని ఈడు పిల్లలు అనేవాళ్లు. నేనే నిజంగా పొగరుబోతునేమో అని కూడా కొన్నాళ్లు నమ్మాను. చెవి పోగొట్టినవాళ్లే, చెవి లేదని కొట్టారు. దీనికి ఎవరూ బాధ్యులు కారు. అందరూ నా మంచికే చేశారు.

అక్కణ్నుంచి లెక్కల సారు ఇంటికి పోయాను. అప్పటికే రిటైరయ్యాడు. వరండాలో వాలుకుర్చీలో పేపరు చదువుకుంటున్నాడు. ఎవరి కొడుకునో చెబితే గుర్తుపట్టి, కూర్చోమన్నాడు. ఆయన భార్య సారమ్మ చాయ్ తెచ్చి పెట్టింది. నేను ముట్టుకోలేదు. బడిలో జరిగింది, డాక్టర్ చెప్పింది, ఇంట్లో తిన్న దెబ్బలు, అన్నీ వరుసగా చెప్పాను.

"నాకు యాదికి లేదు," అన్నాడాయన. తాను కొట్టిన పిల్లలు ఎంతమందో ఉన్నారనీ, వాళ్లంతా ఇప్పుడు మంచి నౌకరీల్లో ఉన్నారనీ చెప్పుకొచ్చాడు. ఆఖరికి పేపరు మడిచి, నిజంగా అర్థంకానట్టు అడిగాడు. "మరి అప్పుడే చెప్పకపోతివి?"

"చెప్తే ఇంకో చెవి గూడ పోయేది సారు."

ఆయన ముఖం ఎర్రబడింది. పెద్దవాళ్లతో అలాగేనా మాట్లాడేది అన్నాడు. సారమ్మ తల వంచుకుని లోపలికి పోయింది. నేను లేచాను. అనాల్సినవి ఇంకా ఎన్నో ఉన్నాయి. కానీ లేవగానే నా రెండు చేతులూ వాటంతట అవే కలిసి దండం పెట్టాయి, నా నోరు "ఒస్త సారు" అంది. గేటు దాటాక ఆ చేతుల్ని చూసుకుంటే వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. చెవి మీద పడిన దెబ్బ ఎంత లోపలికి పోయిందో అప్పుడు తెలిసింది నాకు.

తిరిగొచ్చేసరికి దోస్తు ఒక నిర్ణయానికి వచ్చి ఉన్నాడు. మూతలున్నది ఉంచుకుని, మంచిది హైదరాబాద్ పంపిద్దామన్నాడు. నన్ను నొప్పించకూడదని తెగ తంటాలు పడుతూ, రెండింటికీ మన పనికి పెద్ద తేడా లేదు కదా అన్నాడు. నాకు ఒక్క చెవే ఉన్నందుకు మంచి వస్తువును వదులుకోవాలా అని వాడి మీద విరుచుకుపడ్డాను. పాపం వాడు చేసిన తప్పేమీ లేదు. ఆ వారమంతా ఎదురుపడ్డవాళ్లందరి మీదా అలాగే విరుచుకుపడ్డాను. భాయ్ మాత్రం నవ్వి, రెండు వైపుల శబ్దాన్నీ కలిపి ఒకే వైపుకు పంపే స్విచ్ ఒకటి ఆంప్లిఫయర్‌కు బిగించి, సెలవు అయిపోతే కువైట్ వెళ్లిపోయాడు.

జాలీదే మాకుండిపోయింది. స్విచ్ వేస్తే వేణువూ తబలా రెండూ నా కుడి చెవిలోకే వచ్చేవి. తేటగానే వచ్చేవి. కానీ ఎవరు ఎటు కూర్చున్నారో తెలిసేది కాదు, అందరూ ఒకే చాప మీద ఇరుక్కుని వాయిస్తున్నట్టుండేది. దూరం జరిగిన గోడలు మళ్లీ దగ్గరికొచ్చేవి. మా రికార్డింగులకు మాత్రం మంచి పేరొచ్చింది. దుకాణం మూసేదాకా దానితోనే పనిచేశాను.

కొన్నేళ్లకు పాత విద్యార్థులంతా కలిసి సారుకు సన్మానం పెట్టారు. బాపు పోయి ముందు వరసలో కూర్చున్నాడట. నన్ను రమ్మని కబురు పంపితే పోలేదు. ఆ తర్వాత బాపూ నేనూ వానల గురించి, సైకిళ్ల గురించి మాట్లాడుకున్నాం గానీ ఆ విషయం ఎన్నడూ ఎత్తలేదు. బాపు పోయేదాకా అంతే.

తొంభైలలో మా బిడ్డను కామారెడ్డిలో ఒక బడిలో చేర్చడానికి తీసుకెళ్లాను. పెద్దసారు అన్నీ అడిగి, సంతకం పెట్టమని పెన్ను చేతికిచ్చాడు. పెట్టేముందు ఒక మాటన్నాను. నా బిడ్డ మీద ఎవరూ చెయ్యి వేయకూడదని, అల్లరి చేస్తే నన్ను పిలవమని, పాట పాడితే పాడనివ్వమని.

ఆయన నవ్వాడు. పిల్లలకు కాస్త భయం ఉండాలి కదా అన్నాడు. నేను నవ్వలేదు. పెన్ను మూత పెట్టి బల్ల మీద ఉంచాను. అప్పుడు ఆయన కుర్చీలో సర్దుకుని నన్ను సరిగ్గా చూశాడు.

"మీకు కోపం జర ఎక్కువున్నట్టున్నది."

"ఉన్నది సారు," అన్నాను. "రాసుకోండ్రి."