దయాసాగర్ పడవెక్కిన రోజు

మా పక్క క్వార్టర్ దయాసాగర్ పేరులో సముద్రమైతే ఉంది గానీ, ఆయన గోదావరిలో మోకాలి లోతు దాటి దిగింది లేదు. గని డ్యూటీ నుంచి రిటైరయ్యాక పగిలిన కూలర్ డబ్బాలు, బండ్ల మడ్‌గార్డులు ఫైబర్‌తో అతికేవాడు. అలాంటి మనిషి దగ్గరికి 2003 పుష్కరాల ముందు పోశం తన పడవ గురించి వచ్చాడంటే, వెంట పోయి చూడకుండా ఉండడం నా వల్ల కాలేదు.

పోశం మనుషుల్ని గోదావరి దాటించేవాడు. ఒడ్డున బండకు రాసుకుని, తెల్లటి ఫైబర్ పడవ పక్కభాగం మీద సాలెగూడులా సన్నటి గీతలు పడ్డాయి. చుక్క నీరు లోపలికి రాలేదు. అయినా చూసినవాళ్లంతా అది పగులే అనుకుని, "పర్రె వడ్డది" అని వెనక్కి పోతున్నారు.

"పుష్కరాలల్ల సుత గిట్లనే అయితె పడవ అమ్ముకునుడే కాక," అన్నాడు పోశం. ఏడుపొక్కటే తక్కువ.

దయాసాగర్ ఒక బోల్టుతో పడవను తట్టడం మొదలుపెట్టాడు. జానెడు జానెడు జరుగుతూ చెవి ఆనించి వింటున్నాడు. పడవకు గుండెజబ్బా అని నవ్వాను.

"గనిల రూఫు సుత తట్టే సూస్తుంటిమి. ఖంగుమంటె గట్టిది, డబడబమంటె లోపల ఊడినట్టు," అన్నాడు. "ఇది పర్రె గాదు పోశం. పైపూత మీద గీత, గంతే."

ఆ గీతలను మేకు మొనతో కొద్దిగా వెడల్పు చేశాడు. తడి లేకుండా తుడిచి, తెల్లటి పూతలో గట్టిపరిచే మందు చుక్కలు చుక్కలుగా కలిపి నింపాడు. పైన కోసిన పాలప్యాకెట్ పరిచాడు. గాలి తగిలితే జిగట పోదట! నాకైతే భలే వింతగా అనిపించింది. మర్నాడు దాన్ని ఒలిచి, నీళ్లు చల్లుతూ ఎమిరీ కాగితంతో రుద్ది మెరుగు పెట్టాడు. వేలితో వెతికినా నాకు గీత దొరకలేదు.

అయినా రేవులో ఎవరూ ఎక్కలేదు. పర్రె సంగతి అప్పటికే అంతటా పాకింది. మనవరాలిని చంకనెత్తుకున్న లింగవ్వ, "అతుకేసిన పడవల నేనెక్క," అని మొహం తిప్పుకుంది. పోశం తెడ్డు కింద పడేశాడు.

అప్పుడు దయాసాగర్ చెప్పులు విప్పాడు. ప్రభువును తలుచుకుని పడవెక్కి, అడ్డపలకను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. నీళ్లకేసి చూడకుండా కళ్లు మూసుకుంటే నాకే జాలేసింది.

"గింత భయమైతె ఎందుకెక్కినవ్ కాక?" అన్నాడు పోశం.

"రూఫు గట్టిగున్నదని చెప్పినోడే ముందుగాల దాని కింద నిలవడాలె. గనిల గదే రూలు. జల్ది తియ్."

లింగవ్వ ఆయన మొహంలోకి కాసేపు చూసింది. "జర ఆగు పోశం," అంటూ తనూ పడవెక్కి, మనవరాలిని ఆయన ఒళ్లో కూర్చోబెట్టింది. పిల్లను పట్టుకోవడానికి దయాసాగర్ పలకను వదలక తప్పలేదు.