ప్యాకెట్ మీద దేశం పేరు

"మా అమ్మకు పెట్టింది ముట్టి ఉంటదంటవా అక్కా?"

"ముట్టింది పిల్లా. దిగు, మునగాల వచ్చింది."

సూర్యాపేట నుంచి కోదాడ పోయే బస్సులో మేమిద్దరం ఆఖరికి అనుకున్న మాటలివి. ఆ రోజు పెత్రమాస, పోయినోళ్లకు పెట్టే అమావాస్య. కోదాడలో మా మరిది ఇంట్లో, పోయిన నా భర్తకు విస్తరి పెట్టాలని మేకమాంసం పట్టుకుపోతున్నాను. గొర్రె కాదని తెలిసేందుకు మాంసం కొట్టు ఆయన తోక కోయకుండా ఇచ్చాడు. అది సంచిలోంచి బయటికి వచ్చింది.

పక్క సీటు పిల్ల నవ్వింది. "తోకకు గూడ టికెట్ తీస్కున్నవా అక్కా?"

కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చిందట. అక్కడ మాంసం ప్యాకెట్ మీద ఏ దేశానిదో రాసి తీరాలట. తల్లి చనిపోయిన ఏడు ఆమె రాలేకపోయింది. నాలాగే చదువు రాదు. దుకాణం ఆయనను అడిగి, ఇండియా అని రాసున్న ప్యాకెట్ తీయించుకొని, వండి తల్లికి పెట్టిందట.

"వేరే దేశం మేకైతే అమ్మ ముట్టదేమోనని భయమైంది అక్కా."

ఆ ప్యాకెట్ మీది చీటీని ఫోన్ కవర్‌లో దాచుకుంది. తీసి చూపిస్తే, చదవరాని ఇద్దరం చాలాసేపు చూశాం.

ముట్టిందో లేదో నాకేం తెలుసు? బస్సు ఆగింది కాబట్టి అన్నాను. కోదాడలో విస్తరి ముందు కూర్చొని, "మేకదే, తోక చూసే తెచ్చిన" అని మా ఆయనకు చెప్పాను.

నేను చెప్పిందంతా రాసినవా కోడలా? ముట్టింది అన్న కాడ ఒకసారి చదువు, నేను వింట.