అద్దం దించు

మా ఆయనకి తెలియని దారి లేదు. ఆయన అడగని దారీ లేదు. పెళ్లయిన ఏడు నెలల నుంచీ ఈ రెండు వాక్యాల మధ్య నలిగిపోతున్నది నేను.

ఆయన ఉద్యోగం చెబితే మీరు నమ్మరు. రోడ్ల శాఖలో సర్వేయరు. మూడుకాళ్ల స్టాండు, దాని మీద దుర్భిణి, చేతిలో టేపు పట్టుకుని ఎండల్లో తిరిగి రోడ్లు కొలిచే మనిషి. చుట్టుపక్కల యాభై కిలోమీటర్లలో ఏ రోడ్డు ఎక్కడ వంకర తిరుగుతుందో, ఏ కల్వర్టుకి ఎన్ని తూములున్నాయో నిద్దట్లో లేపి అడిగినా చెబుతారు. మా పడగ్గది గోడ మీదకి పెళ్లి ఫోటో కంటే ముందు రోడ్ల మ్యాపు ఎక్కింది. అలాంటి మనిషి కారెక్కితే చాలు, పుట్టి బుద్ధెరిగి ఇల్లు కదలనివాడిలా కనిపించిన ప్రతివాళ్లనీ దారి అడుగుతారు.

మా కారు చాలా పాతది. అద్దాలకి చేత్తో తిప్పే పిడి ఉంటుంది. దారి చెప్పేవాళ్లు రోడ్డు పక్కన ఉంటారు, రోడ్డు పక్కన ఉండేది నా సీటు. కొత్త పెళ్లికూతుళ్లు మొగుడి నోట ఏవేవో తియ్యటి మాటలు వింటారట. నేను విన్నదల్లా ఒకటే, "అద్దం దించు."

పెళ్లయిన మొదటి వారమే నాకు అనుమానం రావాల్సింది. సినిమా చూసి ఇంటికొస్తున్నాం. మా వీధి మొగలో సైకిళ్లు బాగుచేసే అతను చక్రానికి గాలి కొడుతున్నాడు. కారు ఆగింది.

"అద్దం దించు."

దించాను. ఈయన నా మీదుగా వంగి, "అన్నా, చిన్నమాట. ఈ వీధిలో సర్వేయరుగారి ఇల్లెక్కడ?" అన్నారు.

అతను గాలి కొట్టడం ఆపి ఈయన్ని, నన్ను, కారుని చూశాడు. "మూడో గేటు సార్. మీరే కదా సర్వేయరుగారు?"

"థాంక్సన్నా."

ఇంట్లోకొచ్చాక అడిగితే, "ఈ వీధికి కొత్తగా వచ్చాడు పాపం. ఎవరూ పలకరించినట్టు లేదు" అన్నారు. పలకరించాలంటే బాగున్నావా అనొచ్చు కదా! మన ఇంటికి మనమే దారి అడగాలా?

అడగడంతో ఆగితే నేనూ సర్దుకుపోయేదాన్ని. చెప్పినవాళ్లు ఎటు చెబితే అటే పోతారు! తప్పని తెలిసినా సరే. "వాళ్లు వెనకనించి చూస్తుంటారు టీచరమ్మా. చెప్పించుకుని ఇంకోవైపు తిరిగితే ఏమనుకుంటారు?" అని అద్దంలో వెనక్కి చూసుకుంటూ తప్పుదారిలో హాయిగా నడిపేస్తారు. ఒకసారి ఒకే చోట ఇద్దర్ని అడిగారు. ఒకాయన ఎడమకి అన్నాడు, రెండో ఆయన కుడికి అన్నాడు. వాళ్లిద్దరికీ మాటామాటా పెరిగింది. ఈయన మొదటాయన కోసం కిలోమీటరు ఎడమకి పోయి, వెనక్కొచ్చి, రెండో ఆయనకి చెయ్యూపి కుడికి పోయారు. మేం వెళ్లాల్సింది తిన్నగా.

ఇక నా సంగతి. నేను లెక్కల టీచర్ని. బళ్లో టైమ్‌టేబుల్ వేసేది నేనే. గంట ఒక్క నిమిషం ఆలస్యంగా మోగినా నాకు ఆరోజు అన్నం సయించదు. అలాంటిదాన్ని ఏడు నెలల్లో ఒక్క శుభకార్యానికీ వేళకి చేరలేదు.

ఈయన స్నేహితుడు ఫోటోగ్రాఫరు, తన పదో పెళ్లిరోజని పిలిచాడు. మేం వెళ్లేసరికి అందరితో ఫోటో అయిపోయింది. మా కోసం మళ్లీ నిలబెట్టాడు. ఆ రెండో ఫోటోలో అందరి చేతుల్లోనూ ఎంగిలి పళ్లేలున్నాయి. తర్వాత ఈయన పక్క సీటు డ్రాఫ్ట్స్‌మన్‌గారి పాపకి మొదటి పుట్టినరోజు. మేం చేరేటప్పటికి పాప నిద్రపోయింది, కేకు అయిపోయింది, కొవ్వొత్తి మిగిలింది. డ్రాఫ్ట్స్‌మన్‌గారు నన్ను చూసి జాలిపడ్డారు.

"బైపాస్ మీద రావచ్చు కదమ్మా, అరగంట దారి."

"ఆ రోడ్డు ఎక్కరండీ ఈయన."

"భలేవాడే! ఆ బైపాస్ కొలిచింది తనే కదమ్మా. కొలిచింది తను, మ్యాపులో గీసింది నేను. మీకు చెప్పలేదా?"

చెప్పలేదు. తిరిగొచ్చేటప్పుడు అడిగితే, "పాప ముద్దుగా ఉంది కదూ" అన్నారు.

మర్నాడు అత్తగారికి ఫోన్ చేసి మొరపెట్టుకున్నాను. ఆవిడ నిట్టూర్చింది. "చిన్నప్పుడు నోరు విప్పి మంచినీళ్లు కూడా అడిగేవాడు కాదమ్మా. ఈ రెండేళ్ల నుంచే. ఏం పురుగు కుట్టిందో ఏమో!"

ఆ పురుగు ఎక్కడ కుట్టిందో చెప్పాలంటే మీకు టీ కొట్టు చూపించాలి. మా ఊరు దాటగానే రోడ్డు రెండుగా చీలుతుంది. కుడివైపు బైపాస్, అద్దంలా ఉంటుంది. ఎడమవైపు పాత రోడ్డు, గతుకులు. దాని మీద రెండు కిలోమీటర్లు పోతే ఒక వంతెన, వంతెన పక్కన రేకుల షెడ్డులో టీ కొట్టు. అందరూ బైపాస్ మీద పోతారు కాబట్టి అక్కడ బల్లలు ఖాళీగా ఉంటాయి. ఒక తాత గాజు గ్లాసులు కడిగినవే కడుగుతూ కూర్చుంటాడు. శని, ఆదివారాల్లో మేం ఏ పని మీద ఎటు బయల్దేరినా ఈయన కారు ఎడమకే తిరుగుతుంది.

"అద్దం దించు. పెద్దాయనా, చిన్నమాట!"

తాత చెయ్యి తుడుచుకుంటూ వస్తాడు. ఎక్కడికని అడుగుతాడు. ఆకాశంకేసి చూసి బాగా ఆలోచిస్తాడు. ఆలోచించి, ప్రపంచంలో ఎవరికీ తట్టని చుట్టుదారి ఒకటి చెబుతాడు. రెండు టీలు తాగి మేం ఆ చుట్టుదారిన పడి పోతాం. ఒకసారి ఇటుక బట్టీల మధ్య నుంచి పోయాం. ఒకసారి ఎవరిదో గొర్రెల మంద వెనకాల గంటసేపు పోయాం.

నెల కిందట ఒక ఆదివారం ఇంట్లోనే పోట్లాడుకుని బయల్దేరాం. కారణం గుర్తులేదు కానీ తప్పు ఆయనదే. నేను మొహం అటు తిప్పుకుని కూర్చున్నాను. అద్దం కూడా మాట్లాడకుండానే దించాను. తాత నన్ను చూసి, ఆయన్ని చూసి, చెరువు గట్టు మీదుగా పొమ్మన్నాడు. మేం పోవాల్సిన ఊరికీ ఆ చెరువుకీ ఏ సంబంధమూ లేదు. కానీ గట్టు మీద ఆ చల్లగాలికి, ఆ నీళ్లలో మునిగి తేలే బాతులకి నాకే తెలియకుండా నవ్వొచ్చింది. ఆయనా నవ్వారు. ఆరోజూ ఆలస్యమే అయింది, కానీ నేను గడియారం చూసుకోలేదు.

ఇక అసలు రోజుకి వద్దాం. నాలుగో తరగతి నుంచి నా పక్క బెంచీలో కూర్చున్న స్నేహితురాలు ఒకతి ఉంది. పన్నెండేళ్లు వేరేవాళ్ల కొట్లో కుట్టుమిషను తొక్కి, ఇప్పుడు పక్క టౌను బజారులో సొంతంగా టైలరింగ్ షాపు పెట్టుకుంది. వారం ముందే ఫోన్ చేసింది.

"ఆదివారం పదకొండింటికి రిబ్బను. కత్తిరించేది నువ్వే. కొత్త కత్తెర కూడా నువ్వే తేవాలి. దాంతోనే నా మొదటి గుడ్డ కోస్తాను. చూడవే, ఆలస్యం చేశావో, పళ్లతో కొరికి తెంపుతాను రిబ్బను!"

ఈ ఒక్కదానికైనా వేళకి చేరకపోతే నేను టీచరునే కాదనుకున్నాను. ఆ ఉదయం కత్తెర డబ్బా ఒళ్లో పెట్టుకుని కారెక్కుతూ చెప్పాను. "ఏమండీ, ఇవాళ బైపాస్. ఎవర్నీ అడగొద్దు. నేను అద్దం దించను."

"సరే టీచరమ్మా."

చీలిక దగ్గరికొచ్చేసరికి చేతులు వాటంతటవే తిరిగాయో ఏమో, కారు ఎడమకి పోయింది. నేను నెత్తీనోరూ కొట్టుకున్నాను. "ఒక్క నిమిషం. ఆదివారం కదా, ఎదురు చూస్తుంటాడు" అన్నారు. వంతెన దగ్గర ఆపేటప్పటికి పదీ ముప్పై ఐదు. ఆ దారిన పోతే యాభై నిమిషాలు, వెనక్కి పోయి బైపాస్ ఎక్కినా నలభై. నేను అద్దం దించలేదు. ఈయనే దిగి అటు తిరిగొచ్చి, "పెద్దాయనా, చిన్నమాట" అన్నారు.

తాత ఆకాశంకేసి చూశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. గబగబా అద్దం దించి తల బయట పెట్టాను.

"తాతా, ఈయనకి చెప్పకండి! ఈయనకి అన్ని దార్లూ తెలుసు. ఆ బైపాస్ కొలిచిందే ఈయన!"

అన్నాక చూశాను ఆయన మొహం. నెత్తురు చుక్క లేదు. ఆ మాట ఆ చోట, ఆ ఖాళీ బల్లల ముందు అనకూడదని నాకప్పుడు తట్టింది. నాలుక కరుచుకున్నాను.

తాత మాత్రం గ్లాసులు బోర్లిస్తూ, "తెలుసు తల్లీ" అన్నాడు.

"తెలుసా?" అన్నారు ఈయన.

"నాలుగు రోజులు నా బల్ల మీద డబ్బాలు పెట్టుకుని, నా కుండలో నీళ్లు తాగి కొలిచావు. నెత్తిన టోపీ, మూతికి గుడ్డ ఉంటే నడక మారిపోతుందా? రోడ్డు పడ్డాక నువ్వొచ్చి దారెటు పెద్దాయనా అన్నప్పుడే అనుకున్నా, వచ్చాడ్రా దొంగ అని."

ఈయన బల్ల మీద కూలబడ్డారు. నావైపు చూసి చెప్పారు. "అప్పుడు ఈ పెద్దాయన అడిగారు, కొత్త రోడ్డు నా కొట్టు ముందు నుంచే పోతుందా బాబూ అని. ప్లాన్ నా చేతిలోనే ఉంది. మొహం చూసి చెప్పలేకపోయాను. నాకు తెలీదు పెద్దాయనా అన్నాను."

తెలిసిన దారి తెలీదన్నారు ఒకసారి. అప్పణ్ణుంచి తెలిసిన దారులన్నీ తెలీనట్టు అడుగుతున్నారు. ఇంత పిచ్చి లెక్క నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. అయినా నా కళ్లు చెమర్చాయి.

"మరి కోపం రాలేదా తాతా?"

"ఎందుకు రాదు? అందుకేగా మొదటిసారి రాళ్ల క్వారీ మీదుగా పంపించా. టైరు పగిలి తిరిగొస్తాడు, కసిదీరా తిడదామని. సాయంత్రం తిరిగొచ్చి, దారి బాగుంది పెద్దాయనా అని టీ తాగి పోయాడు! అలాంటివాణ్ని ఏమని తిడతాం?"

"దారి నిజంగానే బాగుంది" అన్నారు ఈయన.

"చూశావా తల్లీ? ఇక నాకూ సరదా పుట్టింది. వారమంతా కూర్చుని ఈసారి ఎటు తిప్పుదామా అని ఆలోచించుకుంటా. కొట్లో ఇంకేం పనుంది? మీ పెళ్లయ్యాక ఇంకా జాగ్రత్తగా ఆలోచిస్తున్నా. ఆమధ్య నువ్వు మొహం అటు తిప్పుకుని కూర్చుంటే చెరువు గట్టు చెప్పా. అక్కడి గాలికి ఎంత కోపమైనా దిగుతుంది. దిగిందా, లేదా?"

"దిగింది" అన్నాను. సిగ్గేసింది.

తాత నా ఒళ్లో డబ్బా చూశాడు. "ఇవాళ నిజంగానే తొందరా?"

"పదకొండింటికి బజారులో ఉండాలి తాతా."

"అయితే ఇవాళ నిజం దారి. కొట్టు వెనక నుంచి బండిబాట ఉంది. తిన్నగా పోతే బజారు వెనక తేలతారు. పావుగంట."

ఈయన తల అడ్డంగా ఊపారు. "అక్కడ బాటేం లేదు పెద్దాయనా. ఇదంతా నేను కొలిచాను. నా మ్యాపులో..."

"నువ్వు దుర్భిణిలోంచి చూశావు బాబూ. నన్ను అడగలేదు."

పెళ్లయ్యాక మొట్టమొదటిసారి మా ఆయన తనకి తెలియని దారిలో కారు నడిపారు. దారి పొడుగునా, "ఇది మ్యాపులో లేదే! అరే, ఇదీ లేదే!" అని చిన్నపిల్లాడిలా కేకలు. బాట నిజంగానే బజారు వెనక తేలింది. పదకొండుకి ఐదు నిమిషాలు తక్కువ. నేను గర్వంతో ఉబ్బిపోతూ దిగాను.

షాపు ముందు ఒక్కరూ లేరు. నా స్నేహితురాలు పాత చీర కట్టుకుని, నిచ్చెనెక్కి బోర్డు తగిలిస్తోంది. మమ్మల్ని చూసి నిచ్చెన మీంచి పడబోయింది.

"మీరేమిటే అప్పుడే?"

"పదకొండన్నావు కదే!"

"పదకొండు మీకు! అందరికీ పన్నెండు. మీ ఇద్దరికీ ఎప్పుడూ గంట ముందు చెబుతామని ఊరందరికీ తెలుసు కదే!"

ఫోటోగ్రాఫరూ, డ్రాఫ్ట్స్‌మన్‌గారూ కూడా అదే చేశారట. టైమ్‌టేబుల్ వేసే నాకే వేరే టైమ్‌టేబుల్ వేశారు! మా ఆయన నవ్వుతూ నిచ్చెన పట్టుకున్నారు. పన్నెండింటికి నేను రిబ్బను కత్తిరించాను. నా స్నేహితురాలు అదే కత్తెరతో మొదటి గుడ్డ కోస్తుంటే ఇద్దరం ఏడ్చి, నవ్వాం. వచ్చినవాళ్లు తిరిగి వెళ్లేటప్పుడు మా ఆయన ప్రతి కారు దగ్గరికీ పోయి బండిబాట చూపిస్తూ, "దార్లో టీ కొట్టుంది. అక్కడ ఆగి ఎటు పోవాలో అడగండి, అడక్కపోతే తప్పిపోతారు" అని చెబుతూనే ఉన్నారు. తప్పిపోవడానికి ఆ బాటలో ఒక్క మలుపు కూడా లేదు.

మరుసటి ఆదివారం మాకు ఏ పిలుపూ లేదు. ఎవరి పుట్టినరోజూ లేదు, పెళ్లిరోజూ లేదు. పొద్దున్నే కారెక్కి కూర్చున్నాను. చీలిక దగ్గర, "ఎడమకి తిప్పండి" అన్నాను. ఆయన నన్ను అదోలా చూసి తిప్పారు. తాత కొట్టు ముందు రెండు కార్లు, ఒక లారీ ఆగి ఉన్నాయి. తాత ముందు గ్లాసులు కడగకుండానే పేరుకుపోయాయి. అయినా మమ్మల్ని చూసి వచ్చాడు.

మా ఆయన నోరు తెరిచేలోపే నేను అద్దం దించేశాను.

"తాతా, చిన్నమాట. దారెటు?"

"ఎక్కడికి తల్లీ?"

"ఎక్కడికీ కాదు."

తాత ఆకాశంకేసి చూశాడు. ఎప్పటికంటే ఎక్కువసేపు ఆలోచించాడు.

"అక్కడికా? అయితే చాలా చుట్టు తిరగాలి" అన్నాడు.