సార్లు వస్తే నడిచే డ్రైవు

మోతీలాల్‌ది కారేపల్లి దగ్గర తండా. పాల్వంచలో ఇరవై రెండేళ్లు కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్‌గా షిఫ్టులు చేసి, ఇప్పుడు బస్టాండు వెనక చిన్న కొట్టులో పాత డ్రైవులు బాగుచేస్తున్నాడు. డ్రైవంటే పెద్ద మోటారు ఒక్క కుదుపున లేవకుండా మెల్లగా అందుకునేలా చేసి, ఎంత వేగంతో తిరగాలో చెప్పే కరెంటు పెట్టె. కంపెనీవాళ్లు ఒక మోడల్ తయారీ ఆపేశారంటే ఇక దాని గురించి ఫోను కూడా ఎత్తరు. కొత్తది కొనమంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది, మోతీలాల్‌కు మాత్రం నవ్వొస్తుంది. వాళ్లు వదిలేసినవే అతనికి అన్నం పెడుతున్నాయి మరి.

నేను పక్క కొట్టులో మోటార్లకు వైండింగ్ చేస్తాను. అతని మొండితనం నాకు తెలిసినంతగా వాళ్లింట్లో వాళ్లకు కూడా తెలియదు.

పోయిన వానాకాలం భద్రాచలం దారిలో, అడవి అంచునున్న ఒక ఊరి నుంచి అతనికి కబురొచ్చింది. ముసురే గాని మడి నిండే వాన లేదు. వాగు నీళ్లు ఎత్తిపోసే పంపేమో నడిచిన గంటకే ఆగిపోతోంది. ఇంజనీర్లు రెండుసార్లు వచ్చారు. వాళ్లున్నంతసేపూ డ్రైవు బుద్ధిగా నడిచింది, వెళ్లిన మర్నాడే మళ్లీ ఆగింది. దాంతో నింద ఆపరేటర్ లచ్చయ్య మీద పడింది. తనే ఆపేసి పడుకుంటున్నాడన్నారు. ఈసారి సంగతి తేలకపోతే అతన్ని తీసేస్తామని పంపు కమిటీ పెద్ద సమ్మయ్య చెప్పేశాడు. లచ్చయ్యకు ఆ పని తప్ప గుంట భూమి లేదు.

మోతీలాల్ వెళ్లిన రోజు కూడా డ్రైవు మూడు గంటలపాటు ఆగలేదు. అయితే ఆ మోడల్‌కు ఒక మంచి గుణముంది, చివరి నాలుగుసార్లు ఎందుకు ఆగిందో గుర్తుంచుకుంటుంది. నాలుగింటికీ ఒకటే నంబరు చూపించింది. డ్రైవుతో వచ్చిన పుస్తకం ఎప్పుడో పోయింది గానీ ఆ నంబరుకు అర్థం వేడెక్కడమని మోతీలాల్‌కు తెలుసు. చేత్తో ఆపితే అది రాదు. ఆ మాటే చెబితే, మరి సార్లున్నప్పుడు ఎందుకు వేడెక్కదని కమిటీవాళ్లు అడిగారు. పెట్టెలోని ఫ్యాను తిరుగుతోంది, దుమ్ము లేదు, మోటారు తీసుకునే కరెంటు సరిగానే ఉంది. పెట్టె మూసి తిరిగొచ్చాడు.

నాలుగో రోజు ఎవరికీ చెప్పకుండా పొద్దుటి బస్సెక్కాడు. లచ్చయ్య పంపు గది తలుపు తియ్యగానే ఇప్పపువ్వు వాసన గుప్పుమంది. డ్రైవు పెట్టె నెత్తిన ఏడు మూటలున్నాయి. ఎండాకాలంలో ఏరి ఎండబెట్టిన పువ్వు ముసురుకు మెత్తబడి బూజు పడుతుంది. ఊరు మొత్తం మీద వెచ్చటి గాలి తగిలే చోటు ఆ పెట్టె పైభాగం ఒక్కటే. ఫ్యాను లాగిన గాలి బయటికి పోయే దారీ అదే, దాన్ని మూటలు మూసేశాయి. సార్లు వస్తున్నారని తెలిస్తే ఊరివాళ్లు మర్యాదకు మూటలు దించి, గది ఊడ్చి, గుమ్మం ముందు ముగ్గేసేవాళ్లు. రోగం కూడా మూటలతోపాటే దిగిపోయేది.

సమ్మయ్య నలుగురిని వెంటబెట్టుకుని వచ్చి ఈ మూటలెవరివని లచ్చయ్యను నిలదీశాడు. లచ్చయ్య తల వంచుకున్నాడే గాని పెదవి విప్పలేదు. మూటలు అతనివే కాబట్టి దాస్తున్నాడనుకుని మోతీలాల్‌కు కోపమొచ్చింది.

అప్పుడు సమ్మయ్య భార్య సుశీలమ్మ ముందుకొచ్చి, అన్నింట్లో పెద్ద మూట దించింది.

"ఇది మనదే. నువ్వు తియ్యాల్సింది నన్ను, లచ్చన్నను గాదు."

సమ్మయ్య గది కప్పు వంక చూస్తూ నిలబడ్డాడు. ఒకరి వెనక ఒకరు ఆడవాళ్లు వచ్చి ఎవరి మూట వాళ్లు పట్టుకుపోయారు. లచ్చయ్యను తీసెయ్యాలన్న మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

పెట్టె నెత్తి ఖాళీ అయింది. లచ్చయ్య ఇంటికి మాత్రం ఒక్క మూటా పోలేదు. తమ పువ్వంతా బూజుపడితే నిన్ననే పారబోశామని అతని భార్య ముత్తక్క చెప్పింది. మరి నీదెందుకు ఇక్కడ పెట్టలేదని మోతీలాల్ లచ్చయ్యను అడిగాడు.

"గది ఊరిది గదా సారూ. తాళం నా చేతిల ఉన్నదని నాది పెట్టుకుంటే ఎట్ల?"

అలాంటి మనిషిని ఒక్క నిమిషమైనా అనుమానించినందుకు మోతీలాల్ ఇప్పటికీ సిగ్గుపడుతున్నాడు.