సిరిసిల్ల మనిషి ముఖం

స్నానాలగది కిటికీకి నల్లగుడ్డ బిగించి ఫిల్ము కడిగినప్పుడల్లా, ముక్కులో గుచ్చుకునే ఆ పుల్లటి హైపో మందు వాసన లేవగానే నేను కోరుట్ల బస్టాండు ఎదురుగా ఉన్న మా బాపు స్టూడియోలో, పదేళ్ళ పిల్లనై నిలబడి ఉంటాను.

ఒక్క గది, వెనక చీకటి గది. గోడకు వేలాడే అద్దం, పళ్ళూడిన దువ్వెన, పౌడరు డబ్బా, వచ్చినవాళ్ళందరూ మార్చి మార్చి తొడుక్కునే ఒకే ఒక్క నల్లకోటు. వానలు మొహం చాటేసిన సంవత్సరాలవి. మల్లాపూర్, బుగ్గారం వైపు బావులెండిన మనుషులు, కల్లుగీత వదిలేసినవాళ్ళు, మగ్గం దిగినవాళ్ళు దుబాయికనీ మస్కట్‌కనీ బయలుదేరుతూ పాస్‌పోర్టు ఫోటో కోసం మా స్టూలు మీద కూర్చునేవారు. బాపు వెంటనే బటన్ నొక్కేవాడు కాదు. వాళ్ళ ఊరి సంగతులూ వానల సంగతులూ అడుగుతూ, భుజాలు కిందికి దిగి ఊపిరి నెమ్మదించేదాకా కాచుకునేవాడు. ఎందుకంత సేపని నేను విసుక్కుంటే, "కూసోంగనే తీస్తె భయం వస్తది గని మనిషి రాడు బిడ్డా" అనేవాడు.

బతుకమ్మ దగ్గరపడింది. వాడకట్టంతా వేయించిన మక్కల కమ్మటి వాసన, నువ్వుల వాసన, మేదరి గంపల్లో తంగేడు పూల పచ్చదనం. అయితే ఆ ఏడు పండుగతోపాటు ఒక పుకారు కూడా ఊళ్ళోకి వచ్చింది. పిల్లలకు మత్తు పెట్టి ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారట. ఆడుకోవడానికి మమ్మల్ని గడప దాటనిచ్చేవారు కాదు. మగవాళ్ళు అంగళ్ళ ముందు కర్రలు ఆనించి పెట్టుకున్నారు.

అలాంటి ఒక పొద్దున ఆ మనిషి వచ్చాడు. తలలో, కనుబొమల్లో తెల్లటి దూది నూగు. బాపు దువ్వెన తడిపి ఇస్తే ఎంత దువ్వినా అది పూర్తిగా పోలేదు. సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసేవాడట. "సాంచెలు బందైనయి బిడ్డా, దుబాయి పోత" అని నాతో చెప్పి, నా అంత కూతురుందని నవ్వాడు. ఆ నవ్వు మాయకముందే బాపు ఫోటో తీశాడు. నేను మోదుగాకులో బతుకమ్మకు చేసిన సత్తుపిండి ముద్ద పెడితే సగం తిని, సగం తువ్వాలు కొసకు కట్టుకున్నాడు. ఫోటోల కోసం సాయంత్రం వస్తానని చెప్పి బస్టాండు వైపు వెళ్ళాడు.

మధ్యాహ్నం బస్టాండులో ఒక పసివాడు తల్లి కనబడక ఏడుస్తున్నాడు. ఈయన తువ్వాలు కొస విప్పి, వాడి చేతిలో ఆ సగం ముద్ద పెట్టి, చెయ్యి పట్టుకుని తల్లిని వెతకబోయాడు. అంతే. ఎవరో మత్తుపిండి అన్నారు. ఆ మాట రోడ్డు దాటేలోపు కర్రలు లేచాయి.

ఆయన మా స్టూడియో వైపే పరుగెత్తుకొచ్చాడు. గడప ముందే పడిపోయాడు. కర్రలు, రాళ్ళు, చెప్పులు. పక్క కొట్టు నుంచి సోడా సీసాలు. పండు పగిలినట్టు వచ్చిన ఆ చప్పుడు నాకిప్పటికీ పండ్ల బజారులో వినిపిస్తుంది. పసివాడి తల్లి వచ్చి, పిల్లవాణ్ణి ఎత్తుకుని ఏదో అరుస్తోంది, వినేవాళ్ళు లేరు. బాపు ఆయన మీద అడ్డంగా పడుకున్నాడు. బాపు కుడిచెయ్యి విరిగింది కానీ ఆ మనిషి ప్రాణం ఆగలేదు. నాకు రోజూ సోడా కొట్టిచ్చే రాజేశం చేతిలో సీసా మెడ మాత్రమే మిగిలి ఉండటం నేను కిటికీలోంచి చూశాను.

శవాన్ని జగిత్యాల ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆ ముఖం కన్నతల్లి కూడా గుర్తుపట్టలేనట్టు అయింది. పేరు మేమూ అడగలేదు. కట్టు కట్టించుకొచ్చిన బాపు నన్ను చీకటి గదిలోకి పిలిచాడు. ఆయన చెబుతుంటే నేను కాగితాన్ని ట్రేలో ముంచి ఊపాను. ఎర్రదీపం కింద ముందు కనుబొమలు, తర్వాత వాటి మీద నూగు, తర్వాత నవ్వు తేలాయి. బయట మా గడప కడుగుతున్న నీళ్ళ చప్పుడు. బాపు గోడకు తల ఆనించి ఏడ్చాడు.

మర్నాడు, వేములవాడ నుంచి గుండ్లు గీయించుకుని వస్తున్న భక్తుల మధ్య ఇరుక్కుని బస్సులో సిరిసిల్ల పోయాం. మగ్గాల చప్పుడుతో చెవులు పగలాల్సిన వీధులు మూగగా ఉన్నాయి. ఒక చాయ్ హోటల్లో ఫోటో చూపిస్తే, అది సత్తయ్య అని చెప్పి ఇంటికి తీసుకుపోయారు. ఆయన భార్య లక్ష్మి గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది. బాపు ఏదీ దాచకుండా చెప్పాడు. చుడుతున్న బీడీని ఆమె చాటలో పెట్టింది. ఆకలితో పోయాడా అని మాత్రం అడిగింది. మా దగ్గర తిన్నాడని బాపు చెప్పాడు. ఆమె ఫోటోను కొంగుతో తుడిచి, "మా ఇంట్ల ఆయన ఫోటో ఒక్కటి గూడ లేకుండె" అంది. నా అంత పిల్ల తల్లి భుజం మీదుగా తొంగిచూసి, నాయిన నవ్వుతున్నాడని చెప్పింది. ఆ సాయంత్రమే ఆ తల్లీకూతుళ్ళు శవం కోసం మాతో జగిత్యాలకు వచ్చారు.

బాపు చేతి కట్టు విప్పకముందే ఒకరోజు రాజేశం వచ్చాడు. సోడాలు తాగేవాళ్ళు లేరనీ, దుబాయి పోతాననీ, పాస్‌పోర్టుకు ఫోటో కావాలనీ చెప్పాడు. బాపు స్టూలు చూపించాడు, నన్ను కెమెరా దగ్గర నిలబెట్టాడు. నేను తీసిన మొదటి ముఖం అదే. రాజేశం తల ఎత్తలేకపోయాడు.

"నేను ఒక్కటే దెబ్బ కొట్టిన అన్నా" అన్నాడు.

"అందరు ఒక్కొక్కటే కొట్టిన్రు రాజేశం. కండ్లు దించకు, గిటు సూడు."

ఎప్పట్లాగే బాపు కాచుకున్నాడు. రాజేశం భుజాలు కిందికి దిగాయి, కళ్ళు నిండాయి. అప్పుడు నన్ను నొక్కమన్నాడు. ఎదుటి మనిషిని తేరి చూడటమంటే ఏమిటో నాకు ఆరోజు తెలిసింది. ఇప్పటికీ ఫిల్ము కెమెరాతో ముక్కూమొహం తెలియని మనుషుల ముఖాలే తీస్తున్నాను, పేరు అడిగి.

మొన్న కోరుట్ల పోయాను. రోడ్డు వెడల్పులో స్టూడియో పోయింది, సోడా కొట్టు పోయింది, సత్తయ్య పడిన చోటు తారు కిందికి పోయింది. అప్పటి అంగళ్ళవాళ్ళు కొందరు ముసలివాళ్ళై చెట్టు నీడన బెంచీల మీద కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరినీ ఫోటో తీసి, పేరు అడిగి, ఆ మధ్యాహ్నం గురించి అడిగాను.

"ఏమో బిడ్డా, గప్పుడు నేను దుబాయిల ఉన్న" అన్నాడు మొదటాయన. పక్కాయనా అదే మాట అన్నాడు. ఆ పక్కాయనా అంతే. వాళ్ళందరి మాటా నమ్మితే, ఆ రోజు బస్టాండు ముందు సత్తయ్య ఒక్కడే ఉన్నాడు.